రైట్‌రైట్ గారి తెరచాప పడవ

మేకు కొట్టమంటే గోడకి కన్నం పెట్టే రకం మా మరిది. చాటున అంటున్న మాట కాదిది, జీవితమంతా అతని మొహం మీదే అన్నాను. నవ్వేవాడు. "నా చేతులు టికెట్లు చింపడానికే పుట్టాయి వదినా" అనేవాడు. బస్సు కండక్టరు మరి. ఫుట్‌బోర్డు మీద నిలబడి "రైట్ రైట్!" అని అరిచాడంటే ఆ గొంతు మా వంటింటి దాకా వినిపించేది, నేను టీకి నీళ్ళు పెట్టేదాన్ని. వీధిలో చిన్నాపెద్దా అందరూ రైట్‌రైట్ గారనే పిలిచేవాళ్ళు. అసలు పేరు పెట్టి పిలిస్తే అతనే వెనక్కి తిరిగి చూసేవాడు కాదు.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకయ్యా అంటే, "రోజంతా కిక్కిరిసిన బస్సులో నిలబడి వస్తున్నాను, ఇంటికొచ్చాకయినా పక్క సీటు ఖాళీగా ఉండనీ" అనేవాడు. మా మేడమీద గదిలో ఉండేవాడు. నేను వండింది తినేవాడు, నేను పెట్టిన చీవాట్లూ తినేవాడు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నిక్కర్లేసుకుని తిరిగే పిల్లాడు. తల్లీ తండ్రీ లేరు. అన్నీ అన్నయ్యే.

ఆ అన్నయ్య, అంటే మా ఆయన, వడ్రంగి. పేరున్న వడ్రంగి. ఆయన బిగించిన తలుపు వేలితో తోస్తే మూసుకునేది, వానాకాలమైనా ఉబ్బి పట్టేసేది కాదు. తమ్ముడికి కూడా పని నేర్పుదామని మొదట్లో తనతో తీసుకెళ్ళాడు. మంచి మంచి చెక్కలు తగలేశాక దండం పెట్టి, "ఒరేయ్ నాయనా, నువ్వు కొయ్య జోలికి రాకపోవడమే కొయ్యకి నువ్వు చేసే మేలు" అని, ఎవరెవరినో బతిమాలి బస్సు ఉద్యోగంలో పెట్టించాడు. అన్నయ్య చేతిలో పని చూస్తే చాలు, మావాడి మొహం వెలిగిపోయేది. తనకి రాకపోయినా ఈర్ష్య అన్నది ఎరగడు.

అలాంటి పనిమంతుడు మా ఆయనకి పక్షవాతం వచ్చింది. చెక్కకి చిత్రిక పడుతూ పడుతూ ఉన్నట్టుండి కూర్చుండిపోయాడు. మాట తిరిగొచ్చింది, కాలు తిరిగొచ్చింది, కుడిచెయ్యి మాత్రం రాలేదు. వడ్రంగికి కుడిచెయ్యి పోతే ఇంకేం మిగిలింది చెప్పండి! ఆయన కూడా అదే అనుకున్నాడు. వెనక గదిలో మంచమెక్కి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పలకరిస్తే "ఊఁ" అనేవాడు, గట్టిగా అడిగితే "నా పనైపోయింది, నన్నొదిలెయ్యండి" అనేవాడు. డాక్టరు గారు నన్ను వరండాలోకి పిలిచి దాపరికం లేకుండా చెప్పారు. "కాలు బాగానే ఉందమ్మా. లేపి నడిపించండి. ఇలాగే పడుకుంటే ఆ కాలూ పోతుంది, దాని వెనకే మనిషీ పోతాడు."

నేనేం తక్కువ దాన్నా? బతిమాలాను, అలిగాను, అరిచాను. కుట్టుమిషను ఆ గది గుమ్మంలోకి జరుపుకుని, జాకెట్లు కుడుతూ పొద్దస్తమానం వాగాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. నాకు భయం పట్టుకుంది. తెల్లారి కళ్ళు తెరిచీ తెరవగానే ముందు ఆయన ఊపిరి వినిపిస్తోందా లేదా అని చూసుకునేదాన్ని.

ఒక సాయంత్రం ట్రిప్పు బస్సు మా వీధి చివర ఆగింది. ఎప్పుడూ ఆగే చోటే. కానీ ఆగిన బస్సు కదలటం లేదు, జనం పోగయ్యారు, నవ్వులు. వెళ్ళి చూద్దును కదా, బస్సు మీద ఒక పడవ! సామాన్లు కట్టే చోట బోర్లా పడుకోబెట్టి తాళ్ళతో కట్టేశారు. దాని పక్కన టాపు మీద మా మరిది నిలబడి, "నెమ్మది, నెమ్మది, దించండి" అని ప్రయాణికుల చేత మోయిస్తున్నాడు. డ్రైవరు నన్ను చూసి రెండు చేతులూ ఎత్తేశాడు. "నాకేం తెలీదమ్మా, లగేజీ అన్నాడు!"

అతని రూటులో ఆఖరి స్టాపు నీటిపాయ ఒడ్డున ఉంటుంది. అక్కడొక ముసలామె ఇల్లుంది. వాళ్ళాయన పోయినప్పటి నుంచీ ఆయన పడవ పెరట్లో బోర్లా పడి ఉంది, దాని కింద కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్నాయి. బస్సు తిప్పుకునే ప్రతిసారీ మావాడి కంట పడుతూనే ఉందట. ఆఖరికి అడిగాడు. "చెదలు తింటుంటే చూస్తూ కూర్చోలేను, తీసుకుపో బాబూ" అందిట ఆవిడ. నేను నెత్తి బాదుకున్నాను. "నీకు పడవెందుకయ్యా? ఈత కూడా సరిగ్గా రాదు నీకు!"

"నాకు కాదు వదినా. అన్నయ్యకి."

"మంచం దిగని మనిషికి పడవా? నీకేమన్నా మతి పోయిందా?"

పడవని తీసుకెళ్ళి పెరట్లో సరిగ్గా అన్నయ్య కిటికీ కింద పెట్టించాడు. చిన్న పడవ, ఇద్దరు కూర్చుంటే నిండిపోతుంది. పక్కల చెక్కలు ఎండి నోళ్ళు తెరిచాయి, అడుగున ఒక చోట చెయ్యి పట్టేంత కన్నం, చుక్కాని ఊడి వేరే ఉంది, తెరచాప ఎలకలు కొరికిన పీలికలు. తాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. కోళ్ళు మాత్రం కొత్త ఇల్లు దొరికిందనుకుని రెండు దానితోపాటే వచ్చేశాయి.

వారపు సెలవు రాగానే మావాడు పనిలోకి దిగాడు. మొట్టమొదట ఏం చేశాడో తెలుసా? రంగు వేశాడు! కన్నాలు కన్నాలుగా ఉండగానే, పుచ్చు పుచ్చుగా ఉండగానే, పైనుంచి కిందదాకా నీలం రంగు పూశాడు. "కంటికి ఇంపుగా ఉంటే పని చెయ్యబుద్ధేస్తుంది కదా" అన్నాడు. ఆ తర్వాత అన్నయ్య పెట్టెలోంచి రంపం తీసి చెక్క కొయ్యడం మొదలెట్టాడు. ఆ చప్పుడు నేను చెప్పలేను. మిషను దగ్గర కూర్చున్న నాకే పళ్ళు జివ్వుమన్నాయి.

లోపల్నుంచి కేక వినిపించింది. "ఎవడ్రా ఆ రంపం పట్టింది? అది చెక్క కొయ్యడమా, నా గొంతు కొయ్యడమా?"

నా చేతిలో గుడ్డ కింద పడిపోయింది. ఆ గదిలోంచి అంత గొంతు విని ఎన్నాళ్ళయిందో. తల తిప్పి చూస్తే ఆయన ఇటు తిరిగాడు. గోడ వైపు నుంచి కిటికీ వైపు. కళ్ళు నిప్పులు కక్కుతున్నాయి. నాకా కోపం చూస్తే కాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

అదిగో, అప్పటి నుంచీ మొదలైంది. ఈయన మంచం మీంచి తిట్టడం, అతను కిటికీ కింద సరేననడం. "ఒరేయ్, రంపాన్ని తోసెయ్యకు, దాని బరువుకి దాన్నే కొయ్యనీ!" "సరే అన్నయ్యా." "పుండు మీద పౌడరు కొట్టినట్టు ఆ రంగేంట్రా? ముందు గీకి పారెయ్!" "సరే అన్నయ్యా." గీకాడు. గీకితే రంగుతో పాటు మంచి చెక్క కూడా లేచొచ్చింది. మళ్ళీ తిట్లు. కిటికీలోంచి పడవ ఇవతలి పక్క ఒక్కటే కనిపిస్తుంది. అవతలి పక్క ఏం తగలేస్తున్నాడోనని ఆయనకి ఒకటే గుబులు. ఒకరోజు ఆ గుబులు పట్టలేక చేతికర్ర అందుకుని, నా భుజం పట్టుకుని, గుమ్మం దాకా వచ్చాడు. మర్నాడు స్టూలు వేయమన్నాడు. పెరట్లో ఎండలో కూర్చున్న ఆ మనిషిని చూసి నేను వంటింట్లోకెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

పుచ్చు ఎక్కడుందో కనుక్కోవడం నేర్పాడు తమ్ముడికి. స్క్రూడ్రైవరు మొనతో అంగుళం అంగుళం నొక్కుతూ పోవాలి, మెత్తగా దిగితే అక్కడిదాకా కోసెయ్యాలి. ఉలి ఆయన ఎడంచేత్తో పట్టుకునేవాడు, సుత్తి అతను కొట్టేవాడు. దెబ్బ ఉలి మీద సగం, అన్నయ్య వేళ్ళ మీద సగం. అయినా ఇద్దరికీ కలిపి రెండు చేతులయ్యాయి, పని నడిచింది. అడుగున కొత్త చెక్క పడింది, సందుల్లో నూలు దట్టించి పైన లప్పం పెట్టారు.

అంతా బాగుందనుకుంటుండగా ఆయనకొక దుర్బుద్ధి పుట్టింది. కొత్త చెక్కకి తనే చిత్రిక పడతానన్నాడు, ఎడంచేత్తో. వద్దంటే వింటాడా, తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఒక్క తోపు తోశాడు. అది ఎగుడుదిగుడుగా పోయి చెక్కని గాడి పడేటట్టు కొరికేసింది. ఆయన ఆ గాడి వైపు చూస్తూ ఉండిపోయాడు. జీవితంలో అలాంటి గాడి ఆయన చేతి కింద పడలేదు. చిత్రికని విసిరికొట్టాడు. కర్ర కూడా లేకుండా గోడ పట్టుకుని లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

మళ్ళీ గోడ వైపే. అన్నం ముట్టలేదు. కేకల్లేవు, తిట్లు లేవు. ఈసారి కోపం కూడా రాలేదు ఆయనకి, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. లేచిన మనిషి మళ్ళీ పడితే ఇక లేవడని నాకు తెలుస్తూనే ఉంది. మావాడు మాత్రం మామూలుగా డ్యూటీ దిగి వచ్చి పని చేసుకుంటున్నాడు. కూర్చునే పలక తలకిందులుగా బిగించాడు. స్క్రూలు మేకుల్లాగా సుత్తితో కొట్టాడు. రెండోసారి పలక ఊడదీసి మళ్ళీ తలకిందులుగానే బిగించాడు. నేను చూసి చూసి, పెరట్లోకెళ్ళి అతని పక్కన నిలబడి గొంతు తగ్గించి అడిగాను.

"నిజం చెప్పవయ్యా. మీ అన్నయ్యకి కోపం తెప్పించి లేపాలని కావాలనే చెడగొడుతున్నావు కదూ? నీ తెలివి నాకిప్పుడు తెలిసింది. అబ్బ, ఎంత ఆలోచించావు!"

అతను సుత్తి దించి నా మొహంలోకి చూశాడు. పాపం, మొహం చిన్నబోయింది.

"కావాలని కాదు వదినా. నా శాయశక్తులా చేస్తున్నాను."

అప్పుడు కిటికీలోంచి ఏదో చప్పుడు. మొదట దగ్గు అనుకున్నాను. కాదు, నవ్వు. ముందు ఆపుకుంటున్న నవ్వు, తర్వాత ఇంక ఆగని నవ్వు. మంచం కిర్రుమంది. తలుపు తెరుచుకుంది. కళ్ళ నీళ్ళు ఎడంచేత్తో తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. "శాయశక్తులా చేస్తున్నాట్టే వీడు! ఏదిరా, చూపించు నీ శక్తి. ఓరి నీ దుంపతెగ, పలక తలకిందులుగా ఉంది కదరా!" అని వంగి పడవ అంచు పట్టుకున్నాడు. ఆయన పెట్టిన గాడి అక్కడే ఉంది. దాని మీద చెయ్యి పడింది కూడా. "ఇదుండనీ. నీ పని పక్కన ఇదే నయం" అన్నాడు.

ఇక మళ్ళీ ఆ మంచం మీద పగలు పడుకోలేదు ఆయన.

చెక్కపని అయ్యాక తెరచాప నా నెత్తిన పడింది. డేరాలు కుట్టే కొట్టతను మందపాటి తెల్లగుడ్డ ఇచ్చాడు. మా ఆయన నేల మీద సుద్దతో మూడు మూలలు గీశాడు, మట్టం పెట్టి మరీ గీశాడు. గీత అంటే గీతే. నేనేం తక్కువా? ఒక్క ముడత, ఎక్కడా వదులు లేకుండా, ఇస్త్రీ చేసినట్టు కుట్టి పెట్టాను. స్తంభం నిలబెట్టారు, మూడు పక్కలా తీగలు లాగి కట్టారు, కప్పీలోంచి తాడు పోనిచ్చారు. లాగితే తెరచాప పైకెళ్ళింది. ఎంత బల్లపరుపుగా ఉందో! ముగ్గురం మురిసిపోయాం.

సెలవు రోజు పడవని నీటిపాయ ఒడ్డుకి చేర్పించి నీళ్ళలో దించాం. చుక్కాని కర్ర ఆయన ఎడంచేతిలో, తెరచాప తాడు అతని రెండు చేతుల్లో. "రైట్ రైట్!" అని మావాడు అలవాటు కొద్దీ అరిచాడు. పడవ వినిపించుకోలేదు. మంచి గాలి వీస్తోంది, తెరచాప పటపటా కొట్టుకుంటోంది, పడవ మాత్రం పక్కకి పక్కకి జారిపోయి రెల్లులో ఇరుక్కుంది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన నవ్వాపుకోలేక, "ఏమ్మా, తెరచాప కుట్టమంటే తలుపు కుట్టావేం? గాలి కూర్చోడానికి చోటేదీ అందులో?" అన్నాడు.

ఒళ్ళు మండింది నాకు. కానీ ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుని, ఎవరిదో జాకెట్టుకి టక్కులు పెడుతుంటే చెయ్యి ఆగింది. ఛీ నా బుద్ధి మండ! చదునైన గుడ్డ ఒంటి మీద నిలవాలంటే టక్కు పెట్టి పొంగు తెప్పించాలని రోజూ చేస్తున్న పనే కదా! వడ్రంగి మొగుడు గీసిన గీత చూసి, నా పని నేను మర్చిపోయి తలుపు కుట్టాను. వెంటనే కుట్లు విప్పి, స్తంభం వైపు అంచునా కింది అంచునా టక్కులు పెట్టి మళ్ళీ కుట్టాను. పరిస్తే ముడతలు ముడతలుగా, చూడ్డానికి దరిద్రంగా ఉంది. మా ఆయన మొహం మాడ్చుకున్నాడు. "నోరు మూసుకుని కట్టండి" అన్నాను.

మరుసటి సెలవు రోజు మళ్ళీ వెళ్ళాం. తాడు లాగారు. గాలి వచ్చి ఆ తెరచాపలో కూర్చుంది. ముడతలన్నీ పోయాయి, గుడ్డ నిండుగా పొంగింది. పడవ ఒక పక్కకి కొంచెం వాలి, చప్పుడు లేకుండా బయల్దేరింది. "రైట్ రైట్!" అన్న అరుపు నీళ్ళ మీద దూరమైపోయింది. వెంటనే మా ఆయన గొంతు. "లాగరా! అంత కాదు! వదులు! వదలమంటే మొత్తం వదిలేస్తావేంట్రా వెధవా!" ఒడ్డున నేను ఒక్కదాన్నే నిలబడి పెద్దగా ఏడ్చాను. వల పెద్దాయన చూస్తే చూడనీ అనుకున్నాను.

ఆ తర్వాత చాలా ఏళ్ళు గడిచాయి మాకు, హాయిగా. సెలవు వస్తే చాలు, అన్నదమ్ములు నీళ్ళ మీదే. మా ఆయన మళ్ళీ తలుపులు చెయ్యలేదు కానీ, ఎడంచేత్తో తెడ్లు చెక్కాడు, పీటలు చేశాడు, అడిగిన వాళ్ళ పడవలు చూసి ఎక్కడ పుచ్చిందో చెప్పాడు. చుక్కాని పట్టడానికి ఒక చెయ్యి చాలు, తాడుకి తమ్ముడున్నాడు. ఆ తమ్ముడికి తాడు పట్టుకోవడం మాత్రం చివరిదాకా రాలేదు. తిట్లు నీళ్ళ మీదుగా తేలి ఒడ్డుకి వస్తుండేవి. అవి వినిపిస్తున్నంతసేపూ ఇద్దరూ క్షేమంగా ఉన్నారని నేను నిశ్చింతగా ఏదో కుట్టుకుంటూ కూర్చునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే, నా జీవితంలో అంతకంటే మంచి సాయంత్రాలు లేవు.

ఆయన పోయాడు. మంచాన పడి పోలేదు, తమ్ముడి మీద కేకలేసి, మారు అన్నం అడిగి వడ్డించుకుని తిని, నిద్రలో పోయాడు. అంతకన్నా ఏం కోరుకుంటాం!

మరిది రిటైరయ్యాడు. పడవని మాత్రం రోజూ వెళ్ళి కడిగి వచ్చేవాడు. తాళ్ళు చుట్టేవాడు, విప్పేవాడు, మళ్ళీ చుట్టేవాడు. నీళ్ళలోకి మాత్రం తోసేవాడు కాదు. తిండి తగ్గింది. సాయంత్రాలు వరండాలో కూర్చుని వీధి వైపు చూస్తూ ఉండేవాడు, పిలిస్తే "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" నాకు కొత్త కాదు.

"ఏమయ్యా, ఎన్నాళ్ళిలా? లే. పడవ తీసుకుని వెళ్ళు" అన్నాను.

"ఎలా వెళ్ళను వదినా?"

"చుక్కాని నువ్వే పట్టుకో, తాడూ నువ్వే పట్టుకో. దేవుడు నీకు రెండు చేతులిచ్చాడుగా!"

తల వంచుకున్నాడు. "తిట్టేవాళ్ళు లేకపోతే నాకు తాడెలా పట్టుకోవాలో తెలీడం లేదు వదినా."

చెప్పులేసుకున్నాను, ఇంటికి తాళం పెట్టాను, పదమన్నాను. నాకు ఈత రాదు. గాలి ఎటు వీస్తోందో తెలీదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ పడవెక్కలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, నీళ్ళలో దిగి, మా ఆయన కూర్చునే చోట కూర్చుని చుక్కాని కర్ర పట్టుకున్నాను. పడవ ఇంకా ఒడ్డు విడవలేదు, అతను తాడింకా సరిగ్గా అందుకోనేలేదు. నేను తిట్టడం మొదలుపెట్టాను.